పదహారు అడుగులు

రోడెల్ ఫైనల్ ఎగ్జిట్ మీద మనీలా పోవుకుంట
పద్దెనిమిది రియాళ్లకు నాకిచ్చి పోయిన ఆట డబ్బా ఇది.
ఎడమదిక్కు బొత్తాం ఇరుక్కుంటది.
టీవీల పైనుంచి కిందిదాక ఒక పచ్చగీత,
ఏ కాలపు ఆటైనా ఆ గీత చాటునే నడవాలె.

శుక్రవారం. వాదీ కబీర్‌ల మా రూం.
లస్మన్న కింది మంచంల ఎల్లిగడ్డ పొట్టు తీస్తుండు,
మొఫిజుల్ చేపలకని మత్రా పోయిండు.
నేను నాలుగొందల ఏండ్ల కింద ఉన్న.

రేవు పట్నం. పేరు నాకు చదవరాలే.
సున్నపు గోడలు, ఈతాకుల కప్పులు,
గుట్ట కొసకు కాకిగూడు లెక్క కోట,
తీరం పొడుగూత ముత్యాల పడవలు.
లోపలికి రావద్దని ఏ గోడకు రాసిలేదు.
రాసినా ఏమాయె, కిటికీ ఉన్నది, మోరి ఉన్నది, తాడున్నది.

ఎక్కిన.
బురుజు కొసకు పోంగనే
ఆట గూడ ఒక్క గడియ ఊపిరి పీల్చుకుంటది,
ఊరంత చాప లెక్క పరుచుకుంటది,
చాప అంచుకు సముద్రం.
ఆరేండ్లాయె నేనీ దేశమొచ్చి.
కంపెనీ బస్సు కిటికీలకు నల్ల కాయితం.
మత్రా గుట్ట మీద నిజం కోట ఉన్నది, ఎన్నడు ఎక్కలే.
దీన్ని ఇయ్యాల్టికి తొమ్మిదిసార్లు ఎక్కిన.
ఆడ పనేం లేదు. ఊరికె కూసునేటందుకు.

"అండ్ల మనోళ్లున్నరారా?" లస్మన్న అడిగిండు.
ఉన్నరే. అగో, ఓడకాడ
బందరు అద్దకం బట్టల మూటలు మోస్తుండ్రు.
దగ్గరికి పోయి బొత్తాం ఒత్తి సూసిన,
వాళ్లకు మాటలియ్యలే.
లస్మన్న చెయ్యి ఆగింది.
మళ్ల ఇంకో ఎల్లిగడ్డ తీసుకున్నడు.

ఇగ అసలు పని. కోటల ఒక అర్ర తెరువాలె.
తాళంచెవి కాపలోని నడుముకున్నది.
ఆట చెప్తది: వెనుకనుంచి పో, నోరు మూయి, కత్తి దించు.
మూడు బొత్తాల పని.
పైమంచం మీదికెల్లి రాజోలు అంజిబాబు తొందర,
"ఏసెయ్ బావా, ఇంకేటి చూత్తున్నావ్!"

వాన్నే సూస్తున్న.
పదహారు అడుగులు. ఆగుడు. మెడ గీరుకునుడు. మలుగుడు.
మళ్ల పదహారు.
నాకు తెల్వని నడకనా అది?
వారానికి ఆరు రాత్రులు
టైర్ల గోదాం చుట్టు నేను నడిచేదదే.
మూలమూలకు గోడ బిళ్లకు యంత్రం తాకియ్యాలె,
ఒక్కటి తప్పితే అర రియాల్ కోత.
వానికి బల్లెం, నాకు టార్చి.
వాని టోపీ ఇనుముది, నాది గుడ్డది,
లోపటి చెమట ఒక్కటే.

మూడున్నర యాళ్ల ఎట్లుంటదో నాకెరుక.
మోకాళ్లు నీయి కానట్టు అయితయి,
కండ్లు తెరిచే నిద్ర పోతవు.
ఆటల గూడ ఆ యాళ్ల అయ్యేదాక
ఈతాకుల కుప్పల కూసున్న, నలభై నిమిషాలు.
అంజిబాబు విసుక్కొని గోడదిక్కు మలిగిండు.
మొఫిజుల్ వచ్చిండు, చేపలు కడిగిండు,
నూనెల పసుపు వాసన లేచింది.
అప్పుడు వాని తల
ఒక్కపారి ముందుకు తూగింది.

పిల్లి లెక్క పోయిన.
తాళంచెవి తీసిన.
వాడు ఆవులిచ్చి, నాకు రాని భాషల
నోట్లనే ఏదో అనుకున్నడు.
తెర మీద అక్షరాలు పడ్డయి: ఎవ్వరు సూడలేదు.
చేతులు వణికినయి.
జీతం పడ్డనాడు గూడ నాకు అంత సంబురం కాలే.
"గెలిచినవా?" అన్నడు లస్మన్న.
"వాడు గూడ," అన్న. ఆయనకు సమజు కాలే.

శనివారం రాత్రి. గోదాం.
పదకొండో అడుగుకు వెనుక ఏడనో
రాయి దొర్లిన సప్పుడు.
ఈ ఉపాయం నాకెరుక. రాయి ఇటు, మనిషి అటు.
సప్పుడు దిక్కు టార్చి కొట్టలే,
రేకుల కప్పు దిక్కు తల ఎత్తిన.
చుక్కలు. ఏసీ డబ్బాలు.
ఎవ్వరు లేరు.

అయినా పదహారు కాడ మలగలే.
ఇంకో నాలుగడుగులు ఎక్కువేసి
మెడ గీరుకుంట, గోడనే సూసుకుంట నిలవడ్డ.
ఎవ్వడన్న దిగేదుంటే
దిగనీ.